వెలుతురును కొలుచుట ఎట్లు?

ఛాయాచిత్రమును లోకమంతట ఫోటోగ్రాఫు అని పిలుచుచున్నారు. గ్రీకు మాటలనుండి పుట్టిన ఈ పేరునకు 'వెలుతురుతో వ్రాసినది' అని అర్థము. 1839లో దీనిని ప్రచారములోనికి తెచ్చినవాడు సర్ జాన్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు. నాటినుండి నేటివరకు కెమేరా ఎన్నో రూపములు మార్చినది. గాజు పలకలు పోయి ఫిల్ము వచ్చినది. ఫిల్ము స్థానమున విద్యుత్ గ్రాహకము వచ్చినది. అరచేతిలోని టెలిఫోనే నేడు కెమేరా అయినది. అయినను పేరులో చెప్పిన పని మాత్రము మారలేదు. వ్రాయునది వెలుతురే. సిరా ఎక్కువైనచో అక్షరము కాగితముమీద అలుక్కుపోవును. చాలనిచో గీత తెగిపోవును. చిత్రమునకు వెలుతురు కూడ అట్టిదే. ఎంత వెలుతురు కావలెనో ముందుగా తెలిసికొనుటయే ఛాయాగ్రహణమున మొదటి విద్య.

ఇది వృత్తిగా ఫోటోలు తీయువారికి మాత్రమే సంబంధించిన విషయమని అనుకొనరాదు. మన ఇండ్లలో ఫోటోకు గల స్థానము సామాన్యమైనది కాదు. ముందు గదిలో గోడకు వ్రేలాడు పటమే మునిమనుమలకు తాతగారిని చూపునది. ఆయన ముఖము ఎట్లుండెడిదో, ఆయన నవ్వు ఎట్లుండెడిదో చెప్పుటకు ఆ పటము తప్ప వేరు సాక్ష్యము ఉండదు. అట్టి చిత్రములో తెల్లచీర కట్టిన మామ్మ ముఖము నల్లబడి కన్నులే కానరాకుండుట, కిటికీముందు నిలిచిన పెండ్లికుమార్తె నీడవలె మిగులుట, వేదికమీద ఆడుచున్న బాలిక ముఖము సున్నము పూసినట్లు తెల్లబారుట మనము తరచు చూచుచునే యున్నాము. అందరును కెమేరాను నిందింతురు. నిజమునకు అక్కడ చెడినది కెమేరా కాదు. వెలుతురును కొలిచిన పద్ధతి. వెల గల కెమేరా కొన్నంత మాత్రమున ఈ లోపము తీరదు. పద్ధతి తెలిసినచో చౌక కెమేరాతోనే తీరును.

ముందుగా ఎక్స్‌పోజరు అనగా ఏమో తెలిసికొందము. కుళాయిక్రింద బిందె పెట్టినామని అనుకొనుడు. బిందె నిండుట మూడు విషయములమీద ఆధారపడియుండును: కుళాయిని ఎంత తిప్పితిమి, ఎంతసేపు విడిచితిమి, బిందె ఎంత పెద్దది. కెమేరాలో లెన్సు ద్వారము కుళాయి వంటిది. షట్టరు తెరచియుండు కాలము నీరు విడిచిన కాలము వంటిది. ఫిల్ము లేక గ్రాహకము యొక్క సున్నితత్వము, అనగా ఐ.ఎస్.ఓ. సంఖ్య, బిందె పరిమాణము వంటిది. ఈ సంఖ్య పెరిగినకొలది బిందె చిన్నదై త్వరగా నిండును. ఈ మూడింటిని మెట్లుమెట్లుగా మార్చుదురు. ఆ మెట్టునకే స్టాపు అని పేరు. ఒక మెట్టు ఎక్కినచో వెలుతురు రెట్టింపగును; దిగినచో సగమగును. ఎఫ్/16 నుండి ఎఫ్/11కు ద్వారమును తెరచుట ఒక మెట్టు. సెకనులో 125వ వంతునుండి 60వ వంతునకు కాలమును పెంచుట ఒక మెట్టు. ఐ.ఎస్.ఓ. 100 నుండి 200కు పోవుట ఒక మెట్టు. ద్వారపు సంఖ్య పెరిగినకొలది ద్వారము చిన్నదగునని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను.

వెలుతురును కంటితో అంచనా వేయరాదా అని కొందరు అడుగుదురు. మన కన్ను మిక్కిలి మంచి పనిముట్టు. కాని కొలబద్దగా మాత్రము పనికిరాదు. నడి వేసవి మధ్యాహ్నము ఎండలో నేలమీద పడు వెలుతురు సుమారు 1,00,000 లక్సులుండును. రాత్రి దీపము వెలుగుచున్న సాధారణమైన గదిలో అది 100 లక్సుల ప్రాంతము. ఒకటి రెండవదానికి వేయిరెట్లు. మెట్ల లెక్కలో పది మెట్లు. అయినను మనము ఎండలోనుండి ఇంటిలోనికి వచ్చి కొంతసేపు కూర్చున్నంతనే దినపత్రికను హాయిగా చదువుకొందుము. కంటిపాప పెద్దదగును, లోపలి పొర సున్నితత్వమును పెంచుకొనును, వెలుతురు తగ్గినదని మనకు తోచనే తోచదు. కన్ను మనలను సుఖపెట్టును గాని నిజము చెప్పదు. అందుచేతనే యంత్రము అవసరమైనది.

ఆ యంత్రము ఒక్కసారిగా పుట్టలేదు. మొదట ఛాయాగ్రాహకులు అనుభవముమీదను, పట్టికలమీదను ఆధారపడిరి. 1890లో ఇంగ్లండున హర్టర్, డ్రిఫీల్డ్ అను ఇరువురు పరిశోధకులు ఫోటో పలకల సున్నితత్వమును అంకెలలో కొలుచు మార్గమును ప్రకటించిరి. ఆ కాలముననే ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ చేసిన మీటరులో ఒక చిన్న కాగితపు ముక్క వెలుతురు సోకి నల్లబడుటకు ఎన్ని సెకనులు పట్టునో లెక్కించెడివారు. వెలుతురు సోకినప్పుడు సెలీనియము అను మూలకముయొక్క విద్యుత్ ధర్మము మారునని 1873లో విలబీ స్మిత్ గమనించియుండెను. ఆ సెలీనియముతోనే ముల్లు కదలు విద్యుత్ మీటరును అమెరికాలోని వెస్టన్ కంపెనీ 1932లో విక్రయమునకు తెచ్చెను. 1963లో జపానువారి టాప్‌కాన్ కెమేరా, లెన్సుగుండ వచ్చిన వెలుతురును లోపలనే కొలుచు ఏర్పాటుతో బజారులోనికి వచ్చినది. నేటి ఫోనులు చేయుచున్నదియు ఆ పనియే. యంత్రములు ఎన్ని మారినను కొలుచు మార్గములు కొన్నియే. వానిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది మీటరు లేని మార్గము. సూర్యుడు లోకమున అన్నిటికంటె నమ్మదగిన దీపము. ఆకాశము నిర్మలముగా నుండి ప్రొద్దు బాగుగా ఎక్కినప్పుడు ఎండ బలము ఇంచుమించు ఒకే తీరున ఉండును. దీనినిబట్టి ఒక సూత్రము ఏర్పడినది. ద్వారమును ఎఫ్/16 వద్ద నుంచి, ఐ.ఎస్.ఓ. సంఖ్య ఎంతయో సెకనులో అన్నవ వంతు షట్టరు కాలముగా పెట్టవలెను. ఐ.ఎస్.ఓ. 100 అయినచో సెకనులో 100వ వంతు. కెమేరాలో ఆ అంకె లేకున్నచో 125వ వంతు. పలుచని మబ్బు పట్టి నీడల అంచులు మెత్తబడినచో ఎఫ్/11. మబ్బు కమ్మినను వెలుతురు బాగుగానున్నచో ఎఫ్/8. శ్రావణపు ముసురువంటి దట్టమైన మబ్బు పట్టినచో ఎఫ్/5.6, ఆకాశము కనబడు చెట్టునీడను లేక అరుగుమీది నీడను ఎఫ్/4. సముద్రతీరపు తెల్లని ఇసుకమీద వెలుతురు అన్ని వైపులనుండి తిరిగివచ్చును గనుక ఎఫ్/22. పూర్వము ఫిల్ము పెట్టెలతో వచ్చిన చిన్న కాగితములలో అచ్చువేసిన పట్టిక ఇదియే. నేడును చెల్లును. తెల్లవారుజామునను, సంధ్యవేళను, ఇంటిలోపలను మాత్రము ఇది పనిచేయదు.

వెలుతురు విలువను జ్ఞాపకముంచుకొనుట ఎట్టి సమయమున ఆదుకొనునో తెలుపుటకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. 1941లో అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ న్యూమెక్సికో రాష్ట్రమున కారులో పోవుచుండగా హెర్నాండెజ్ అను పల్లె కనబడినది. తూర్పున చంద్రుడు ఉదయించియున్నాడు. పడమట క్రుంకుచున్న సూర్యుని కిరణములు ఊరి శ్మశానములోని తెల్లని సిలువలమీద పడుచున్నవి. పెద్ద కెమేరాను త్వరత్వరగా నిలిపినాడు గాని మీటరు చేతికి దొరకలేదు. అప్పుడు చంద్రబింబముయొక్క ప్రకాశము చదరపు అడుగునకు సుమారు 250 కాండిళ్లని ఆయనకు జ్ఞప్తికి వచ్చినది. ఆ ఒక్క అంకెతో లెక్కకట్టి, ఫిల్టరుతో ఎఫ్/32 వద్ద ఒక సెకను కాలము ఇచ్చినాడు. రెండవ చిత్రమునకు సిద్ధమగులోపలనే సిలువలమీది వెలుతురు పోయినది. ఆ ఒక్క నెగటివునుండి వచ్చిన చిత్రము నేడు లోకప్రసిద్ధము. చంద్రుడు కూడ ఎండలోనున్న ఒక రాతినేల యనియు, ఎండ బలము తెలిసినచో వాని వెలుగు కూడ తెలియుననియు గ్రహించినచో ఇందు మంత్రమేమియు లేదు.

రెండవ మార్గము తిరిగివచ్చు వెలుతురును కొలుచుట. దీనిని పరావర్తిత కాంతి కొలత అందురు. కెమేరాలలోను ఫోనులలోను ఉన్న మీటరులన్నియు ఈ జాతివే. మీటరును వస్తువువైపు త్రిప్పినచో వస్తువునుండి తిరిగివచ్చిన వెలుతురును అది కొలుచును. ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. మీటరునకు అంత వెలుతురు వచ్చుచున్నదని తెలియును గాని, ఎందుకు వచ్చుచున్నదో తెలియదు. దీపము పెద్దదగుటచేత వచ్చినదా, వస్తువు తెల్లనిదగుటచేత వచ్చినదా? ఈ ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. అందుచేత దానిని చేసినవారు ఒక ఊహను అందులో పొందుపరచిరి. సాధారణమైన దృశ్యములో నలుపు, తెలుపు, నడిమి వన్నెలు అన్నియు కలసి సగటున ఒక మధ్యమమైన బూడిద వన్నెకు సమానముగా నుండునని ఆ ఊహ. పడిన వెలుతురులో నూటికి 18 వంతులు తిప్పిపంపు బూడిద రంగు అట్టను ఛాయాగ్రాహకులు ఈ వన్నెకు గుర్తుగా వాడుదురు. మీటరు ఏమి చూచినను దానిని ఈ నడిమి వన్నెకే తెచ్చుటకు ప్రయత్నించును.

దీనిని ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. ఒక తెల్లని పంచెను, ఒక నల్లని గొడుగును నీడపట్టున ప్రక్కప్రక్కన పరచుడు. మొదట పంచె మాత్రమే నిండునట్లు ఒక చిత్రమును, పిదప గొడుగుబట్ట మాత్రమే నిండునట్లు మరియొక చిత్రమును తీయుడు. రెండు చిత్రములలోను బట్ట చాలవరకు బూడిద రంగుననే వచ్చును. పంచె మాసినట్లుండును, గొడుగు వెలసినట్లుండును. ఈ పరీక్షను ఒక్కసారి చేసినవారు మీటరు మాటను గ్రుడ్డిగా నమ్మరు. దీనినుండి ఒక నియమము తేలుచున్నది. తెల్లనిదానిని తెల్లగా చూపవలెనన్నచో మీటరు చెప్పినదానికంటె ఒకటిన్నర లేక రెండు మెట్లు వెలుతురు ఎక్కువ ఈయవలెను. నల్లనిదానిని నల్లగా చూపవలెనన్నచో అంతే తగ్గింపవలెను. వినుటకు ఇది విపరీతముగా తోచును. తెల్లనిదానికి ఇంకను వెలుతురెందుకని అనిపించును. కాని మీటరు ముందే పంచెను చూచి భ్రమపడి వెలుతురును తగ్గించినదని జ్ఞాపకమున్నచో ఈ సందేహము ఉండదు. తెల్లచీర మామ్మ ముఖము నల్లబడుటకు కారణము ఇదియే. సున్నము కొట్టిన గోడముందు నిలిపిన పిల్లల గతియు ఇంతే.

మూడవ మార్గము పడు వెలుతురును కొలుచుట. పతన కాంతి కొలత అని దీని పేరు. ఇందు చేతిలోని మీటరునకు పాలవన్నె గల చిన్న గుమ్మటమొకటి అమర్చియుండును. మనిషి ముఖమునొద్ద మీటరునుంచి, గుమ్మటమును కెమేరావైపు త్రిప్పి కొలవవలెను. అప్పుడు ముఖముమీద ఎంత వెలుతురు పడుచున్నదో తెలియును. కట్టినది తెల్లచీరయా నల్లకోటా అను ప్రసక్తియే లేదు. వస్తువు వన్నె కొలతలోనికి రాదు. తెలుపు తెలుపుగాను, నలుపు నలుపుగాను, చామనచాయ చామనచాయగాను వచ్చును. గుమ్మటపు ఆకారమునకు కూడ కారణమున్నది. ముఖము బల్లపరుపు వస్తువు కాదు; దానికి బుగ్గలున్నవి, ప్రక్కలున్నవి. ముందునుండి, ప్రక్కలనుండి, పైనుండి వచ్చు వెలుతురులను ముఖమువలెనే గుమ్మటము కూడ అందుకొనును. డాన్ నార్వుడ్ అను అమెరికనుడు ఈ ఆలోచనతో చేసిన మీటరునకు 1940లో పేటెంటు లభించినది. చలనచిత్రములు తీయువారు ఈ జాతి మీటరులను మిక్కిలి ఆదరించిరి.

మన పెండ్లి పందిరిని తీసికొందము. వధూవరులు మధుపర్కములు కట్టుకొని పీటలమీద కూర్చుందురు. చిత్రములో పెద్దభాగము తెల్లబట్టలే. తిరిగివచ్చు వెలుతురును కొలుచు మీటరు ఆ తెలుపును చూచి వెలుతురును తగ్గించును, ముఖములు నల్లబడును. అదే గదిలో పెండ్లికుమార్తె పట్టుచీర మార్చుకొనివచ్చినచో అదే మీటరు వేరొక లెక్క చెప్పును. దీపములు మారలేదు, ముఖములు మారలేదు, లెక్క మాత్రము మారినది! పడు వెలుతురును కొలిచినచో ఈ బాధ లేదు. ముహూర్తమునకు ముందుగనే పీటలవద్ద, ముఖములుండు ఎత్తున మీటరునుంచి ఒకసారి కొలిచినచో, దీపములను మార్చనంతవరకు ఆ కొలత తలంబ్రాలవరకు చెల్లును. కొలుచుట దీపమువద్ద కాక ముఖమువద్దనే జరుగవలెను. దీపమునుండి దూరము రెట్టింపైనచో దానినుండి పడు వెలుతురు సగము కాదు, నాల్గవ వంతగును. పీటలకు దగ్గరగా నున్న దీపము వెనుక నిలిచిన మేనమామకు అంతే వెలుతురు నీయదు.

ఈ పద్ధతికిని హద్దులున్నవి. వస్తువున్న వెలుతురులోనే మీటరు ఉండవలెను. ఎదుటి కొండమీద ఎండ, మనమున్నచోట మబ్బు నీడ అయినచో ఈ కొలత పనికిరాదు. కొండయు మనమును ఒకే ఎండలోనున్నచో మాత్రము నిలిచినచోటనే కొలిచి వాడుకొనవచ్చును. తానే వెలుగు వస్తువులకు కూడ ఇది చెల్లదు. దీపపు వత్తి, అస్తమించు సూర్యుడు, రంగుల విద్యుద్దీపములు ఇట్టివి. తోలుబొమ్మలాట మంచి ఉదాహరణము. అక్కడ దీపము తెరవెనుక నుండును. వెలుతురు పలుచని తోలుగుండ, దానికి పూసిన రంగులగుండ వచ్చి మన కంట పడును. తెరముందు గుమ్మటమును పెట్టి కొలిచినచో ప్రేక్షకులవైపు చీకటియే కొలతకు వచ్చును గాని బొమ్మ రాదు. అచ్చట తెరవైపు చూచి కొలుచు మీటరే శరణ్యము.

నాల్గవ మార్గము బిందువును కొలుచుట. స్పాట్ మీటరు కూడ తిరిగివచ్చు వెలుతురునే కొలుచును. కాని దృశ్యమంతటిని కాక ఒక చిన్న తావును మాత్రమే చూచును. చేతిలో పట్టుకొను స్పాట్ మీటరులు సాధారణముగా ఒక డిగ్రీ కోణమును చూచును. చాపిన చేతి చిటికెనవేలి వెడల్పుకంటెను తక్కువ. కూచిపూడి నాట్యప్రదర్శనలో ఈ మీటరు విలువ తెలియును. వెనుక నల్లతెర, నడుమ నర్తకిమీద మాత్రమే వెలుతురు. సగటు మీటరు ఆ నల్లతెరనంతటిని చూచి, చీకటిగానున్నదని తలచి వెలుతురును పెంచును. నర్తకి ముఖము తెల్లబారి కనుబొమల కదలికయే తెలియకుండపోవును. అభినయము పోయిన పిదప నాట్యచిత్రములో మిగులునదేమి? స్పాట్ మీటరుతో నర్తకి నుదుటినో బుగ్గనో కొలిచినచో తెరతో పనిలేదు.

అయితే స్పాట్ మీటరు మనపై ఒక బాధ్యతను మోపును. కొలిచిన తావు చిత్రములో ఏ వన్నెన రావలెనో మనమే నిర్ణయింపవలెను. ఊరకున్నచో అదియు ఆ తావును నడిమి బూడిద వన్నెకే తెచ్చును. ఈ నిర్ణయమును క్రమబద్ధము చేయుటకే ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అను ఇరువురు 1940 ప్రాంతమున జోన్ పద్ధతి నేర్పరచిరి. కటిక నలుపునుండి కాగితపు తెలుపువరకు వన్నెలను సున్న మొదలు పదివరకు అంతస్తులుగా విభజించిరి. అయిదవది నడిమి బూడిద. పాశ్చాత్యుల తెల్లని చర్మమును ఆరవ అంతస్తున, అనగా మీటరు చెప్పినదానికంటె ఒక మెట్టు ఎక్కువ వెలుతురుతో తీయవలెనని వారి వాడుక. ఆ వాక్యమును చదివి మనవారి ముఖములకు కూడ అట్లే ఒక మెట్టు కలుపుట తగదు. చామనచాయ ముఖము అయిదవ అంతస్తునకు సమీపమున నుండును. నల్లని ఛాయ అంతకంటె దిగువన నుండును. ఎదుటివారి ఛాయను చూచి నిర్ణయించుకొనవలెనే గాని పుస్తకమును చూచి కాదు.

ఈ విషయమును కొంచెము వివరింపవలసియున్నది. ఇరువదవ శతాబ్దిలో చాలకాలము రంగుల ఫోటోలు కడుగు ప్రయోగశాలలకు కోడాక్ సంస్థ ఒక నమూనా చిత్రమును పంపెడిది. దానికి షర్లీ కార్డు అని పేరు. అందున్నది తెల్లని చర్మముగల స్త్రీ. ఆమె ముఖము సరిగా వచ్చినచో యంత్రము సరిగానున్నట్లు లెక్క. వేరు ఛాయలవారి ముఖములు ఎట్లు వచ్చునో చూచుటకు ఆ కార్డులో కొలబద్ద లేదు. 1990లలోగాని పలు వర్ణముల స్త్రీలు కలసియున్న కార్డులు రాలేదు. మన ముఖములు ఫోటోలో బాగుగా రావని మనలో కొందరికి కలిగిన సంకోచములో కొంతపాలు ఇట్టి కొలతలదే. నల్లని ముఖమును మసిబారినట్లు చూపుట ఎంత అసత్యమో, దానిని తెల్లగా వెలయించి చూపుటయు అంతే అసత్యము. మన వాంఛ తెలుపు కాదు, నలుపు కాదు. ఆ మనిషి ఎట్లున్నారో అట్లు కనబడుట. కొలతను నేర్చుకొనుటకు ఇంతకంటె వేరు ప్రయోజనము అక్కరలేదు.

ఇక కెమేరాయే తనంతట తాను కొలుచు మార్గములున్నవి. చిత్రపు నడిమిభాగమునకు ఎక్కువ విలువనిచ్చి అంచులకు తక్కువ విలువనిచ్చునది ఒకటి. దృశ్యమును గడులుగా విభజించి ఒక్కొక్క గడిని వేరువేరుగా కొలిచి, ఇది ఎట్టి దృశ్యమై యుండునని లెక్కకట్టునది మరియొకటి. 1983లో వచ్చిన నికాన్ ఎఫ్.ఎ. కెమేరాలో ఈ గడుల పద్ధతి మొదట కనబడినది. నేటి ఫోనులు గడులతో తృప్తిపడక ముఖమెక్కడనున్నదో వెదకి దానికి ప్రాధాన్యము నిచ్చును. పరుగెత్తు పిల్లలను, ఊరేగింపులను తీయునప్పుడు మీటరు పట్టుకొని నిలుచుటకు సమయముండదు గనుక ఇవి మిక్కిలి ఉపకరించును. కాని ఇవియు ఊహించునవే. దృశ్యము వాని ఊహకు అందనిదైనచో పంచె, గొడుగుల కథయే మరల జరుగును.

ఫోను మాత్రమే యున్నవారు ఈ పద్ధతులను వదలుకొననక్కరలేదు. తెరమీద ముఖమున్నచోట వ్రేలితో తాకినచో చాల ఫోనులు ఆ తావును ముఖ్యముగా కొలుచును. ఇది మన స్పాట్ మీటరు. తాకినచోటనే వ్రేలిని కొంతసేపు నొక్కియుంచినచో కొలత స్థిరపడును. ప్రక్కనే కనబడు సూర్యుని గుర్తును పైకి క్రిందికి జరపినచో వెలుతురు పెరుగును, తరుగును. ఇది మన మెట్ల సవరణ. బూడిద రంగు అట్ట దొరికినచో దానిని ముఖమువద్ద పట్టి కొలుచుట పడు వెలుతురును కొలిచినదానితో ఇంచుమించు సమానము. అట్ట లేకున్నచో అరచేయి ఉన్నది. మనుష్యుల ఛాయలు ఎంత భిన్నములైనను అరచేతులలో అంత భేదముండదు. అది సాధారణముగా బూడిద అట్టకంటె ఒక మెట్టు ప్రకాశవంతము. ముఖముమీద పడు వెలుతురులోనే అరచేతినుంచి కొలిచి, ఒక మెట్టు వెలుతురు కలిపినచో సరిపోవును.

కొలిచిన పిదప ఎటువైపు మొగ్గవలెనను ప్రశ్న ఒకటి మిగులును. నెగటివు ఫిల్ములో వెలుతురు చాలని నీడలలోని వివరము తిరిగి రాదు. కొంత ఎక్కువైనచో సహించును. కావున ఫిల్ముతో పనిచేయువారు నీడలను చూచి వెలుతురు నిచ్చెడివారు. స్లైడు ఫిల్మునకును నేటి గ్రాహకములకును దీనికి విరుద్ధము. వానిలో తెలుపు ఒకసారి మితిమీరి కాలిపోయినచో దానిని ఏ ఉపాయముచేతను రప్పింపలేము. చీకటిగా వచ్చిన భాగమును మాత్రము కొంతవరకు పైకి తేవచ్చును. కావున మధుపర్కపు మడతలు, జరీ అంచు, మామ్మ నెరసిన జుట్టు కాలిపోకుండ చూచుకొనవలెను. కెమేరా తెరమీద కనబడు హిస్టోగ్రామ్ పటమున గుట్ట కుడిగోడకు తాకి ఆగిపోయినచో తెలుపు పోయినదని గుర్తు.

ఇన్ని మార్గములలో ఏది ఉత్తమమని అడిగినచో, మేము ఒకదానిని పేర్కొనజాలము. నిర్మలమైన ఎండలో ఎఫ్/16 సూత్రము చాలును. దగ్గరకు పోగలిగిన మనిషిని, కదలని దీపములక్రింద తీయునప్పుడు పడు వెలుతురును కొలుచుట శ్రేష్ఠము. దగ్గరకు పోలేని వేదికకును, తానే వెలుగు వస్తువునకును బిందువును కొలుచుట తగును. వ్యవధి లేనప్పుడు కెమేరా గడులకు వదలి, తెలుపు ఎక్కువగా కనబడినచో కొంచెము కలుపుట, నలుపు ఎక్కువగా కనబడినచో కొంచెము తగ్గించుట మేలు. మీట నొక్కుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుట అలవాటు చేసికొనవలెను: ఈ చిత్రములో మనకు ముఖ్యమైనది ఏది? మీటరు ఇప్పుడు చూచుచున్నది దేనిని? ఈ రెండింటికిని జవాబు ఒక్కటే అయినచో నిశ్చింతగా మీట నొక్కవచ్చును. వేరైనచో మీటరును త్రిప్పవలెను, లేదా మెట్టు మార్చవలెను.

రాబోవు పండుగకు ఇంటిల్లిపాది కూడినప్పుడు పెద్దవారిని కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖముమీద పడునట్లు కూర్చుండబెట్టి, ఈ చెప్పిన తీరున ఒక్క చిత్రము తీసి చూడుడు. పట్టు సమయము అరనిమిషము. ఆ చిత్రము మాత్రము రెండు తరములవరకు గోడమీద నుండును.